కొలిమిలో మరిచిన కమాన్ పట్టీ

ప్రశ్న: ఆటోనగర్‌లో మాది లారీ కమాన్ పట్టీల పని. మొన్న కుర్రాడు ఒక పట్టీని కొలిమిలో వదిలేసి భోజనానికి వెళ్లాడు. తర్వాత ఎప్పటిలాగే నూనెలో ముంచి, టెంపరింగ్ (పెళుసుతనం తగ్గేలా మళ్లీ కొద్దిగా కాచడం) చేసి బిగించాం. లోడు ఎత్తగానే విరిగింది. విరిగిన చోట పెద్ద పెద్ద పలుకులు తళతళ మెరుస్తున్నాయి. సరుకు నకిలీదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సరుకుకన్నా ముందు ఆ భోజన విరామాన్ని అనుమానించండి. ఉక్కు ఏకముద్ద కాదు, కంటికి ఆనని రేణువుల కూర్పు. విరిగిన చోట మీకు కనబడ్డ పలుకులు బాగా పెరిగిపోయిన ఆ రేణువులే. ఒక్కో రేణువులో పరమాణువులు ఒక్కో దిక్కుకు బారులు తీరి ఉంటాయి. రెండు రేణువులు కలిసే సరిహద్దులో ఆ వరుస కుదరదు కాబట్టి అక్కడ శక్తి ఎక్కువ. వీలు దొరికితే లోహం ఆ సరిహద్దులను తగ్గించుకుంటుంది. చల్లగా ఉన్నంతసేపు వీలుండదు. కాలాక మాత్రం సరిహద్దు దగ్గరి పరమాణువు చిన్న రేణువును విడిచి పక్కనున్న పెద్దదాని వరుసలో చేరిపోతుంది. సబ్బు నురగలో చిన్న బుడగలు మాయమై పెద్దవి ఇంకా పెద్దవవుతాయే, అదే తీరు.

ఈ గంతు వ్యాపనానికి, అంటే లోహంలో పరమాణువులు ఒకచోటి నుంచి మరోచోటికి జరిగిపోవడానికి, దగ్గరి చుట్టం. దూర ప్రయాణం అక్కర్లేదు, పరమాణువంత దూరం దాటితే చాలు. కానీ దానికి ఊపు వేడి నుంచే రావాలి. మన షాపుల్లో అందరూ గడియారం చూస్తారు. అసలు చూడవలసింది కాలిన ఇనుము రంగు. సమయం నాలుగింతలైనా, ఏ ఆటంకమూ లేకపోతేనే రేణువు రెండింతలవుతుంది. అదే వేడి 950 నుంచి 1,150 డిగ్రీలకు చేరితే ఇనుములో వ్యాపన వేగం నలభై, యాభై రెట్లవుతుంది. మీ కుర్రాడు బ్లోయరు ఆపకుండా వెళ్లి ఉంటాడని నా ఊహ.

ఇంకో చిక్కు. చాలా రకాల ఉక్కులో అల్యూమినియం నైట్రైడ్ (అల్యూమినియం, నైట్రోజన్ కలిసిన పదార్థం) నలుసులు రేణువుల సరిహద్దులను కదలనివ్వకుండా పట్టి ఉంచుతాయి. 1,000–1,100 డిగ్రీల ప్రాంతంలో అవి ఇనుములో కరిగిపోతాయి. ఆ పట్టు సడలగానే కొన్ని రేణువులు అదుపు తప్పి పెరుగుతాయి. రేణువు ముతకైతే బలం తగ్గుతుందని లోహ శాస్త్రజ్ఞులు హాల్ 1951లో, పెట్చ్ 1953లో లెక్కతో సహా చూపారు.

అదే కొలిమిలో కాలిన పట్టీలు ఇంకా ఉంటే పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ 870–900 డిగ్రీల వరకే కాచి గాలికి ఆరబెట్టండి. 727 డిగ్రీలు దాటాక ఉక్కు స్ఫటిక నిర్మాణమే మారడం మొదలై కొత్త, సన్నని రేణువులు పుడతాయి. ఆ తర్వాతే నూనె, టెంపరింగ్. కొలిమిలో ఉండగానే పట్టీ నుంచి నిప్పురవ్వలు రాలి ఉంటే ఈ శ్రమ దండగ. సరిహద్దులు లోపలే తుప్పుగా మారిపోయాయి. తుక్కులో వేయండి.

ప్రశ్న: ఏసీ రాగి గొట్టాన్ని కాచి వంచితే వంపు దగ్గర గరుకు తేలుతోంది. మళ్లీ కాస్తే పోతుందా?
– ఒక మెకానిక్, గుంటూరు

జవాబు: పోదు, ఇంకా పెరుగుతుంది. ఆ గరుకు కూడా ఎక్కువ కాగి ముతకబారిన రేణువులదే. కరిగేదాకా రాగి స్ఫటిక నిర్మాణం మారదు కాబట్టి ఉక్కుకు చెప్పిన వైద్యం దీనికి పనికిరాదు. చల్లగా ఉండగా బాగా సాగదీసి, ఆపైన కాస్తేనే కొత్త రేణువులు వస్తాయి. అది గొట్టాల ఫ్యాక్టరీలో జరిగే పని. ఈసారి కొత్త ముక్క తీసుకుని, మసక ఎరుపు కనబడగానే మంట తీసేయండి.