ఎర్త్ పిన్ను జోలికి పోకు

అమ్మడూ,

కంచరపాలెంలో ఎవరి దగ్గరో పాత బేస్ గిటార్ కొన్నావని, దాన్ని విప్పి నువ్వే బాగుచేస్తావని, ఈ చవితికి పందిట్లో వాయిస్తావని మీ అమ్మ ఒక్క ఊపిరిలో చెప్పింది. మన ఇంట్లో బేస్ పట్టిన ఆడపిల్లవి నువ్వే. ఫోన్ పెట్టేశాక ముందు నవ్వొచ్చింది, తర్వాత టెన్షన్ పట్టుకుంది.

సెటప్ పెద్ద పనేం కాదు. కొత్త తీగలు వేసి, శ్రుతి చేసి, మెడ వంపు చూడు. మెడ లోపల వంపు సరిచేసే ఇనప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు; దాన్ని ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకు, బిగుసుకుపోయి ఉంటే బలం చూపించకు. సముద్రపు గాలికి శాడిల్ (తీగ ఆనే చిన్న ముక్క) స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి; చుక్క నూనె వేసి రాత్రంతా వదిలెయ్. మెడ మీది పన్నెండో ఫ్రెట్ (లోహపు గీత) దగ్గర నొక్కితే వచ్చే స్వరం, అక్కడే నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్ కన్నా పైకి పోతే శాడిల్ వెనక్కి, కిందికి పోతే ముందుకి. పికప్‌లు (తీగల కదలికని పట్టే అయస్కాంతపు చుట్టలు) మార్చినా పాతవి పారేయకు.

నీది 1960లో ఫెండర్ వాళ్ళు తెచ్చిన జాజ్ బేస్‌కి కాపీ అట కదా. సింగిల్ కాయిల్ పికప్‌లు, కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ మోతని పట్టేస్తాయి. చాలావాటిలో రెండు వాల్యూములూ సమానంగా తెరిస్తే మోత తగ్గుతుంది. లోపలి గూళ్ళకి రాగి రేకు అంటించి గ్రౌండ్‌కి కలిపితే ఇంకాస్త తగ్గుతుంది. ఎవడైనా వచ్చి "యాంప్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకెయ్" అన్నాడనుకో, వాణ్ణి స్టేజీ దింపెయ్. పీకితే ఒక్కోసారి మోత నిజంగానే పోతుంది, అదే తంటా.

పాత పోస్టాఫీసు వైపు ఒక చవితి ప్రోగ్రాంలో సౌండ్ కుర్రాడు అదే పని చేశాడు. కటింగ్ ప్లేయర్‌తో ఆ లావు పిన్నుని అటూ ఇటూ వంచి విరిచేశాడు. మోత ఆగింది. రెండు పాటలు బ్రహ్మాండంగా నడిచాయి. ఈలోగా జల్లు పడి స్టేజీ తడిసింది. మూడో పాటలో కోరస్ అందుకోడానికి మా బేస్ వాయించేవాడు మైకు మీదికి వంగాడు. పెదవి తగిలిందో లేదో, ఎడమ చెయ్యి తీగల మీద బిగుసుకుపోయింది. అరవలేడు, వదిలించుకోలేడు. పాట మరిచిపోయాడేమో అనుకుని మేం చూస్తూ నిలబడ్డాం. ఎవరో మెయిన్ కట్టేశారు కాబట్టి బతికాడు. యాంప్ లోపల ఫేజ్ వైరు డబ్బాకి తగిలింది. ఎర్త్ లేక ఆ కరెంటు గిటార్ కేబుల్ వెంట పాకి, తీగలు ఆనే బ్రిడ్జి కింది వైరు గుండా తీగల్లోకి వచ్చింది. మైకుకేమో ఎర్త్ ఉంది. మధ్యలో వాడు. తర్వాత చాన్నాళ్ళు మైకు కనిపిస్తే మొహం తిప్పుకునేవాడు.

వాయించే ముందు మైకు జాలీకీ, తీగలకీ టెస్టర్ పెట్టి చూడు. మీ ఎక్స్‌టెన్షన్ బోర్డుకి 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్) పెట్టించు, డబ్బులు నేనిస్తాను. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. జెనరేటర్ అయితే ఎర్త్ రాడ్ పాతారో లేదో కళ్ళారా చూసుకో. నవ్వితే నవ్వనీ.

ఆదివారం సోల్డరింగ్ ఐరన్ తెస్తాను, రాగి రేకు ఇద్దరం అంటిద్దాం. నేనొచ్చేదాకా పికప్ వైర్లు కత్తిరించకు. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మ కంట పడనీకు, గిటార్‌ని అటకెక్కించేస్తుంది.

మీ మావయ్య