తుపాకీ మందు లేదు కదా అని విప్పేయకండి

ప్రశ్న: మా అబ్బాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు. ఇంట్లో ప్రాక్టీసుకని బ్యారెల్ మడిచి పెల్లెట్ పెట్టే పాత రైఫిల్ ఒకటి కొన్నాం. మాది విశాఖ, తుప్పు భయంతో స్ప్రే నూనె లోపలికంటా కొట్టాను. ఇప్పుడు కాల్చినప్పుడల్లా పెద్ద శబ్దం, పొగ. పవర్ పెరిగిందా? వీడియో చూసి స్ప్రింగ్ విప్పి శుభ్రం చేద్దామనుకుంటున్నాను.

జవాబు: అది రైఫిల్ పవర్ కాదు, లోపల నూనె మండుతోంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తుంది, గాలి రెప్పపాటులో నలిగి బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె ఆవిరి అంటుకుంటుంది. డీజిల్ ఇంజిన్ పనిచేసే పద్ధతీ ఇదే కాబట్టి దీన్ని డీజిలింగ్ అంటారు. పిస్టన్ పక్కల నుంచి గాలి పోకుండా ఆపే సీల్ కాలిపోతుంది, స్ప్రింగ్ విరగొచ్చు, గురి ఎటూ కుదరదు. నూనె గుడ్డతో పైన ఇనుము తుడిస్తే తుప్పుకు అది చాలు.

స్ప్రింగ్ మాత్రం ముట్టుకోవద్దు. కాక్ చేయకపోయినా, అంటే బ్యారెల్ మడిచి స్ప్రింగ్‌ను వెనక్కి నొక్కి పెట్టకపోయినా, అది లోపల కొంత నొక్కుకునే ఉంటుంది. స్ప్రింగ్‌ను బిగించి పట్టే కంప్రెసర్ అనే పరికరం లేకుండా పిన్ను లాగితే స్ప్రింగూ దాని ముందున్న మూతా ఎగిరొచ్చి ముఖానికే తగులుతాయి. మూడు నిమిషాల వీడియోలో ఆ పరికరం కనిపించకపోవడం నాకు ఒళ్లు మండిస్తుంది.

బ్యారెల్‌ను ఇనుప బ్రష్‌తో తోమడం ఇంకో పొరపాటు. మందుగుండు తుపాకీలో మసి పేరుకుంటుంది. ఇందులో మందే లేదు, అంటేది కాస్త సీసం. మెత్తటి గుడ్డముక్కను లోడ్ చేసే వైపు నుంచి లాగితే సరిపోతుంది.

ఇదంతా ఒక ఎత్తు. నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇంకొకటి. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో వాడేవి స్ప్రింగ్ రైఫిళ్లు కావు, రైఫిల్‌కే ఉండే చిన్న సిలిండర్‌లో ముందే నింపిన గాలితో నడిచేవి. పిల్లలు కాస్త ముందుకెళ్లగానే అవి కొంటారు. అప్పుడు నాకు వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: ‘వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంది, దాంతో నింపొచ్చా? గాలిలో ఉండేదీ ఆక్సిజనే కదా?’

ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఒత్తిడితో దూసుకొచ్చి వేడెక్కినప్పుడు రబ్బరు రింగుకున్న గ్రీజు మరక చాలు, మంట పుట్టడానికి. పేలే సిలిండర్ చెంపకు జానెడు దూరంలో ఉంటుంది. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2.2 బార్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) ఉంటే, ఈ సిలిండర్లలో 200 బార్ నింపుతారు. అంటే 90 రెట్లు. పొడి గాలి తప్ప ఇంకేదీ పనికిరాదు. సిలిండర్ మీద వేసిన గడువు తేదీ దాటితే అదీ వద్దు.

ఇక్కడ తప్పంతా వాడేవాళ్లదే అనలేను. ఆస్పత్రిలో మత్తు యంత్రానికి ఒక్కో గ్యాసుకు ఒక్కో చోట పిన్నులుంటాయి. ఒక గ్యాసు సిలిండర్‌ను ఇంకో గ్యాసు చోట పెట్టబోతే అది కూర్చోదు. పొరపాటు చేయి దగ్గరే ఆగిపోతుంది. పిల్లల చేతికిచ్చే వస్తువుకు అంత జాగ్రత్త ఎందుకు ఉండదు? అడాప్టర్ దొరికితే ఏ సిలిండరైనా తగిలించేయొచ్చు. హెచ్చరిక మాత్రం మాన్యువల్ చివరి పేజీలో, చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో. ఇది డిజైన్ లోపమే.

మీ రైఫిల్‌తో కాల్చడం ఇవాళే ఆపేయండి. బ్యారెల్‌లో పెల్లెట్ లేదని కంటితో చూసుకుని, కాక్ చేయకుండా కవర్‌లో పెట్టి, అబ్బాయి నేర్చుకునే రేంజ్‌లో ఆర్మరర్‌కు, అంటే తుపాకులు బాగుచేసే మెకానిక్‌కు ఇవ్వండి. ఏ స్ప్రే కొట్టారో, ఎంత కొట్టారో దాచకుండా చెప్పండి. సీల్ మార్చాలో లేదో ఆయన తేలుస్తారు.