హోంకై: స్టార్ రైల్ గేమ్ చూడ్డానికి అదిరింది, కానీ బాస్ దగ్గర ఎందుకు ఓడిపోతున్నాను? జేడ్ (ఆటలోని కరెన్సీ) ఎక్కడ ఖర్చు పెట్టాలి?

ఓటమికి కారణం చాలావరకు స్కిల్ పాయింట్లే. ఫైట్ 3 పాయింట్లతో మొదలవుతుంది, గరిష్ఠం 5. స్కిల్ వాడితే ఒకటి పోతుంది, బేసిక్ అటాక్ కొడితే ఒకటి వస్తుంది. నలుగురూ స్కిల్ మీదే బతికే టీమ్ అయితే కాసేపటికే చేతులెత్తేస్తుంది. ఇద్దరు ఖర్చు పెడితే ఇద్దరు సంపాదించాలి.

శత్రువు తలపై కనిపించే గుర్తులు దాని బలహీనతలు. సాధారణంగా ఆ ఎలిమెంట్‌తో (నిప్పు, మంచు లాంటి దాడి రకం) కొడితేనే శత్రువు తలపై ఉన్న తెల్ల గీత తరుగుతుంది. అది ఖాళీ అయితే శత్రువు వంతు వెనక్కి జరుగుతుంది. అల్టిమేట్‌కి (క్యారెక్టర్ శక్తి నిండాక వాడే ప్రత్యేక పవర్) మీ వంతు రానక్కర్లేదు. ఎడమవైపు వంతుల వరుసలో బాస్ పైకి వస్తున్నప్పుడు, అది కొట్టకముందే వదలండి. నిండగానే యానిమేషన్ మోజులో వాడేస్తే అసలు సమయానికి ఉండదు.

ఇక జేడ్. ఒక్క పుల్‌కి (క్యారెక్టర్ల కోసం లాటరీలా ఒకసారి తీయడానికి) 160. లిమిటెడ్ క్యారెక్టర్ బ్యానర్‌లో (కొన్నాళ్లే ఉండే లాటరీలో) ఫైవ్ స్టార్, అంటే అత్యంత అరుదైన క్యారెక్టర్ వచ్చే అవకాశం 0.6 శాతమే. 90 పుల్స్‌లోపు ఒకటి ఖాయం, కానీ అది మీరు కోరినదే కాకపోవచ్చు. అలా తప్పితే ఆ తర్వాతిది గ్యారంటీ. అదృష్టం బొత్తిగా లేకపోతే 180 పుల్స్, అంటే 28,800 జేడ్. ఆ లెక్క చేతిలో ఉంచుకునే దిగండి. కొత్తవాళ్ల బ్యానర్‌లో 50 పుల్స్ 40 పాస్‌లకే (పుల్ టికెట్లకే) వస్తాయి. ఆ పాస్‌లు ఆటలోనే దొరుకుతాయి కాబట్టి దానికి జేడ్ తగలెయ్యకండి.