షుగర్ సెన్సార్: ఏడాదికి 26 కావాలా, 4 చాలా?

మా ఆయనకి తొమ్మిదేళ్ళుగా షుగర్, మాత్రలే, ఇన్సులిన్ లేదు, ఇప్పుడు షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోన్‌లో చూపించే, చేతికి అతికించుకునే సెన్సార్ ఏడాదంతా ఉండాల్సిందే అంటున్నారు, ఆ ఖర్చు పాప చదువుకి దాచేదాంట్లోంచి తియ్యాలి, ఏం చెయ్యమంటారు అని అడిగారు కదండీ.

ముందు లెక్క. ఒక్కో సెన్సార్ 10 నుంచి 15 రోజులు వస్తుంది, 14 అనుకుంటే ఏడాదికి 26. అందరూ నెలకి రెండేగా అని 24 రాసుకుంటారు, ఆ మిగతా రెండూ ఏడాది చివర్లో నెత్తిన పడతాయి. పైగా స్నానం చేసి తువ్వాలుతో గట్టిగా తుడుచుకున్నప్పుడో, తలుపు తగిలో ఊడొచ్చేవి ఉంటాయి, ఒకట్రెండు అదనంగా వేసుకోండి. ఊడినదాన్ని మాత్రం పారెయ్యకండి, కంపెనీ వేరేది ఇస్తుందేమో అడగొచ్చు.

ఇంక అసలు సంగతి, ఆయన వేసుకునే మాత్రల పేర్లు చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివుంటే పడిపోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్ళకీ, చెమటలూ వణుకూ ఏమీ తెలీకుండానే పడిపోయేవాళ్ళకీ అయితే వేరే ఖర్చు ఏదైనా కోసి సెన్సార్ కొనమంటాను, అక్కడ బేరాల్లేవు. మా అన్నయ్య ఇన్సులిన్ మనిషే. ఓ రాత్రి మూడింటికి అలారం మోగి 58 చూపిస్తే వదిన పరిగెత్తుకెళ్ళి నీళ్ళలో పంచదార కలుపుతోంది, ఈలోగా వేలు పొడిచి చూస్తే 104! సెన్సార్ ఉన్న చేతి మీదే పడుకుంటే అలా తక్కువ చూపిస్తుందట. అది కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింద ద్రవంలో, కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడి కూడా ఉంటుంది. అందుకే మీటరూ స్ట్రిప్సూ ఇంట్లో ఉండాల్సిందే, ఆ ఖర్చు తగ్గుతుందే గానీ పోదు.

మీవారికి పడిపోయే బాధ లేదని డాక్టర్ గారు అంటే నేనైతే మూడు నెలలకొకటి, ఏడాదికి 4 పెట్టమంటాను. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష మూడు నెలల షుగర్ సగటే చెప్తుంది, ఏ పూట ఎగిసిందో చెప్పదు, అది ఆ 14 రోజుల్లో కనిపిస్తుంది. షుగర్ 70కీ 180కీ మధ్య ఎంతసేపు ఉందో చూస్తారు, మామూలుగా 70 శాతం సమయం దాటాలంటారు. ఏం తిన్నారో, ఎప్పుడు నడిచారో ఆ రెండు వారాలూ రాసుకుని డాక్టర్‌కి చూపించకపోతే మాత్రం డబ్బు దండగ. మందు మార్చినప్పుడు ఒకటి పెడితే ఇంకా ఉపయోగం. కొన్ని క్లినిక్‌ల్లో కొన్నాళ్ళకి వాళ్ళే పెట్టిస్తారు, అదీ కనుక్కోండి.

ఆ నాలుగింటి డబ్బుని పన్నెండుతో భాగించి నెలనెలా విడిగా తీసిపెట్టండి, పాప డబ్బు జోలికి పోకండి. రేపు ఇన్సులిన్ మొదలెడితే అప్పుడు 26 లెక్కతో మళ్ళీ కూర్చుందాం. అన్నట్టు సెన్సార్ అంకెలు చూపించే యాప్ మీవారి ఫోన్‌లో పనిచేస్తుందో లేదో కొనేముందే చూసుకోండి, లేకపోతే సెన్సార్‌తో పాటు కొత్త ఫోన్ కూడా లెక్కలోకొస్తుంది.