కార్బన్ డాట్స్ కోసం ఆపరేషన్ ఆపుకోవచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట. అమ్మకు 54 ఏళ్లు. ఎడమ రొమ్ములో 2 సెంటీమీటర్ల గడ్డ ఉంది, బయాప్సీలో క్యాన్సరని తేలింది. చంకలో ఏమీ కనిపించలేదన్నారు. వరంగల్‌లో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఈలోగా బంధువొకరు వీడియో పంపారు. కార్బన్ డాట్స్ క్యాన్సర్‌ను మెరిపించి చూపిస్తాయట, లైటు వేస్తే చంపేస్తాయట. ఆ పేరుతో తాగే చుక్కల మందూ అమ్ముతున్నారు. కొన్నాళ్లు ఆగమంటారా డాక్టరుగారూ?

జవాబు: ఆగొద్దు. ఇచ్చిన తేదీకే చేయించండి. చుక్కల మందు కొనకండి.

వీడియోలోది అబద్ధమని అనను, కానీ అది ల్యాబుల్లో, ఎలుకల మీద జరిగే పని. కార్బన్ డాట్స్ అంటే 10 నానోమీటర్లలోపు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) కార్బన్ రేణువులు. 2004లో నానోట్యూబులను (అతి సన్నని కార్బన్ గొట్టాలను) శుద్ధి చేస్తుంటే మసిలో అనుకోకుండా బయటపడ్డాయి. నిమ్మ ఉప్పు, యూరియా నీళ్లలో కలిపి, మూత బిగించి 180 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉడికించినా తయారవుతాయి. చిక్కంతా అక్కడే. సగం సగం మారిన చిన్న అణువులూ అందులో మిగిలి, అవీ నీలంగా మెరుస్తాయి. చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే డయాలసిస్ పొరతో బాగా వడకట్టకపోతే మెరిసేది రేణువో మడ్డో తెలియదు. అల్ట్రావయొలెట్ లైటు కింద సీసా మెరిసిందని మురిసిపోకండి, స్పిరిట్‌లో కలిపిన పసుపు కూడా మెరుస్తుంది!

చీకట్లో ఫోన్ టార్చి మీద వేలు ఆనించి చూడండి. లోపలికి పోయేది తెల్ల వెలుగు, బయటికొచ్చేది ఎరుపు. నీలం, ఆకుపచ్చలను రక్తం మింగేస్తుంది. ఈ రేణువుల్లో ఎక్కువ రకాలు మెరిసేది ఆ రంగుల్లోనే. 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాటిన, అంటే ముదురు ఎరుపుకు అవతలి కాంతినిచ్చేవీ చేస్తున్నారు గానీ, సెంటీమీటరు లోతుకే అదీ మసకబారుతుంది. ఎలుక చర్మం కింది గడ్డకు లైటు అందినంత తేలిగ్గా మనిషి ఒంట్లో అందదు.

మెరిసే మందు ఆసుపత్రుల్లో ఇప్పటికే ఉంది: ఇండోసయనిన్ గ్రీన్, 1959 నుంచి వాడుకలో ఉన్నది. రొమ్ములో సూదితో ఇస్తే చంకలోని మొదటి లింఫ్ గ్రంథులకు (క్యాన్సర్ పాకితే ముందుగా చేరే చోటు) చేరి ప్రత్యేక కెమెరాలో కనిపిస్తుంది. వాటిని తీసి పరీక్షిస్తారు. వాటిలో క్యాన్సర్ లేకుంటే చంకంతా తీయక్కర్లేదు, చెయ్యి వాచే ముప్పూ తగ్గుతుంది. అమ్మ విషయంలో ఇది కుదురుతుందా అని సర్జన్‌ను అడగండి. అయోడిన్ అలర్జీ ఉంటే ముందే చెప్పండి. కెమెరా లేనిచోట మిథిలీన్ బ్లూ లాంటి నీలి రంగు మందు వాడతారు, తర్వాత ఒకట్రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా వస్తే కంగారొద్దు. డిప్రెషన్ మాత్రలు వేసుకుంటుంటే మాత్రం దాచొద్దు, కొన్నింటికీ మిథిలీన్ బ్లూకీ పడదు. అమ్మ ఇప్పటికే ఆ చుక్కలు తాగి ఉంటే సీసా కూడా తీసుకెళ్లి చూపించండి.