వంపు కంచె కోసే ముందు

కావలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. మైపాడు ఇంటి ముందు మీ అమ్మ పెంచుకునే మల్లె, కనకాంబరం మొక్కల చుట్టూ చెక్క కంచె కట్టి, పైన వంపు తీయాలని ఉందన్నావు. ఆలోచన బాగుంది. ఫోటోలోని కంచె మాత్రం నాకు నచ్చలేదు. ఆ వంపు మరీ లోతు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఆరడుగులు ఉన్నచోట అడుగు లోతు తీస్తే అది పళ్లు అరిగిన దువ్వెనలా కనిపిస్తుంది. ఆరంగుళాలు చాలు. నన్నడిగితే అయిదు కూడా చాలు. పైగా మీ వీధి మేకలు నాకు తెలుసు. ముందు కాళ్లెత్తి నిలబడ్డాయంటే మూడడుగుల కంచె వాటికో లెక్కా? నువ్వు ఎక్కడ పల్లం తీస్తే అక్కడే మూతి పెడతాయి. అందుకని అంచుల దగ్గర నాలుగడుగులు ఉంచి, నడుమ మూడున్నరకు దించు.

బద్దలన్నీ ముందే కొలతకు కోయించి తెచ్చుకుంటానని రాశావే, ఆ పని చేయకు. నేను చేసి చెడ్డాను. చాలా ఏళ్ల క్రితం కావలి దగ్గర ఒక పెద్దాయన తోటకు ఇలాంటి కంచే కట్టాను. ప్లైవుడ్ మీద వంపు గీసుకుని, షెడ్డులోనే అన్ని బద్దలూ కోసి, వెనక సుద్దతో నంబర్లు వేసుకున్నాను. తీరా అక్కడికి పోతే స్తంభాలు పాతినవాడు ఒకచోట ఆరడుగులు, ఇంకోచోట అయిదడుగుల ఎనిమిదంగుళాలు వదిలాడు. దానికి తోడు రాత్రి జల్లు పడి సుద్ద నంబర్లు సగం చెరిగిపోయాయి. ఏ బద్ద ఎక్కడిదో తెలియక రెండు రోజులు పేకముక్కల్లా పేర్చుకుంటూ కూర్చున్నాను. చివరికి అన్నింటినీ ఇంకో రెండంగుళాలు కురచ చేసి మళ్లీ కోయాల్సి వచ్చింది. నా కూలీ పోయింది. ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

కాబట్టి బద్దలన్నీ ఒకే పొడవుతో, కావాల్సినదానికంటే అంగుళం ఎక్కువగా తెచ్చుకో. కంచె మొత్తం కట్టు. వంపు ఆ తర్వాత సంగతి.

కట్టేటప్పుడే తేలాల్సిన విషయం ఒకటుంది, బద్దలను బిగించే పై అడ్డకర్ర, అదే రీపరు, ఎక్కడ రావాలనేది. చాలామంది కంటికి బాగుందని పైకి పెట్టేస్తారు. తీరా వంపు గీస్తే నడిమి గీత రీపరు మీదికే వస్తుంది. వంపు అన్నిటికంటే దిగే చోటు నుంచి కనీసం నాలుగంగుళాల కిందికి రీపరు ఉండాలి. అంతకంటే దగ్గరైతే స్క్రూ బిగించేటప్పుడు బద్ద తల చీలుతుంది.

ఇంకోటి, బద్దల లెక్క. మూడంగుళాల బద్ద, రెండంగుళాల సందు అనుకుంటే ఆరడుగుల్లో సరిగ్గా పద్నాలుగు బద్దలు, పదిహేను సందులు పడతాయి. లెక్క చక్కగా కుదిరింది కదా అని అక్కడే ఆగిపోకు. పద్నాలుగైతే నట్టనడుమ సందు వస్తుంది, వంపు అడుగు ఆ ఖాళీలో పోతుంది. పదమూడు వేసి, సందు రెండుంబావు అంగుళాల కంటే ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదోవంతు, ఎక్కువ పెట్టు. నడుమ ఒక బద్ద నిలబడుతుంది, చూపు దాని మీద ఆగుతుంది. సందుకి సరిపడా ఒక చెక్కముక్క కోసుకుని, బద్దకీ బద్దకీ మధ్య దాన్నే పెట్టి బిగించుకుంటూ పో. టేపు ప్రతిసారీ పట్టే పని లేదు.

ఇప్పుడు వంపు. తాడు కట్టి గీస్తారు కొందరు. మీ ఊళ్లో అది కుదరదు. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలైతే తాడు ఒక్కచోట నిలవదు. సన్నటి ఇనుప గొలుసు తీసుకో. స్తంభాల తలలు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో ముందు నీళ్ల గొట్టంతో చూసుకుని, రెండు స్తంభాలకూ ఒకే ఎత్తులో మేకులు కొట్టి, గొలుసు వేలాడదీయి. దాని బరువుకు అదే వంపు తిరుగుతుంది. అంత సాఫీ గీత నలభై ఏళ్లు పనిచేసిన నా చేతికి కూడా రాదు. ఇక్కడ అందరూ పొరపడే సంగతొకటి ఉంది. ఆరంగుళాలు దిగాలంటే గొలుసు చాలా వదలాలనుకుంటారు. ఆరడుగుల దూరానికి గొలుసు అదనంగా ఒక అంగుళం, ఇంకో మూడోవంతు వదిలితే చాలు, ఆరంగుళాలు దిగుతుంది. మూడంగుళాలు వదిలావంటే తొమ్మిది దిగుతుంది. అందుకే గొలుసును ఒక్కో లంకె జరుపుతూ సరిచూసుకో.

గొలుసు ఊపు ఆగాక ప్రతి బద్దకూ రెండు అంచుల్లో పెన్సిలుతో చుక్కలు పెట్టు. తోట వైపున పెట్టు, వీధి వైపున కాదు. ఎందుకో కింద చెబుతాను. గొలుసు తీసేశాక, సన్నటి కరెంటు పైపు వంచి ఆ చుక్కల మీద ఆనించి గీత కలుపు. అప్పుడు రోడ్డు దాటి అవతలకు పోయి చూడు. మీ అమ్మను కూడా పిలిచి చూపించు. చెక్క పనిలో నా కళ్లకంటే మా అక్క కళ్లను నేను ఎక్కువ నమ్ముతాను. గీత మీద గీత ఎన్నిసార్లయినా గీసుకోవచ్చు, కోసిన బద్ద మళ్లీ అతకదు.

పల్లం కాకుండా ఉబ్బు కావాలనిపిస్తే, అదే గొలుసును అట్ట మీద వేలాడదీసి గీసుకుని, అట్టను తలకిందులు చేసి వాడుకో.

గీత నిలబెట్టి గీయాలి, కోత పడుకోబెట్టి కోయాలి. అందుకే రీపర్లను స్తంభాలకు మేకులతో కొట్టకు, బోల్టులతో బిగించు. గీత గీశాక బోల్టులు విప్పి, ఒక్కో పలకను, అంటే రెండు స్తంభాల మధ్య కంచె ముక్కను, రెండు బల్లల మీద పరుచు. నిలబడ్డ కంచెను కోస్తే బద్దల తలలు ఊగుతాయి, రంపం ఎగిరెగిరి పడుతుంది. జిగ్‌సా మెషిన్‌లో బ్లేడు పైకి వచ్చేటప్పుడు కోస్తుంది. అంటే పేళ్లు లేచేది పైవైపే. తోట వైపు పైకి పెట్టి కోశావంటే వీధి వైపు నున్నగా మిగులుతుంది. గీతను తోట వైపు వేయమన్నది అందుకే. సన్నపళ్ల బ్లేడు వేసి, నెమ్మదిగా తోయి. బలం పెడితే బ్లేడు లోపల వంగిపోయి, పైన గీత మీదే ఉన్నా కింద పక్కకు పోతుంది. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు తెస్తానన్నావు కదా, మంచిదే, కానీ లోపల విరిగిన మేకులుంటాయి. ఒక అయస్కాంతం పట్టి తడిమి చూడు. కళ్లద్దాలు లేకుండా ఆ మెషిన్ ముట్టుకోకు. వేప కోసే రోజు మూతికి గుడ్డ కట్టుకో, ఆ పొట్టు చేదు గొంతులోంచి ఓ పట్టాన పోదు. సరుగుడు చవకని నీకెవరైనా చెబితే వినకు. పందిరి గుంజలకు సరే, బద్దలకైతే చీలుతుంది.

కోశాక ఆకురాయి పట్టి, బద్ద తలలకు వీధి వైపు కొంచెం వాలు ఇవ్వు. ఇది అందం కోసం కాదు. చెక్కకు పక్కలు నీళ్లు అంతగా తాగవు, కోసిన తల తాగుతుంది. అక్కడ నీళ్లు నిలిస్తే రెండు వానాకాలాల్లో కుళ్లు పడుతుంది. రంగు వేసేవాళ్లు ముందువైపు మూడు కోట్లు కొట్టి, తల మీద ఒక్కసారి బ్రష్ తిప్పి వదిలేస్తారు. నువ్వు తిరగేసి చెయ్యి. తలకు ప్రైమరు మూడుసార్లు, ఆరబెట్టి ఆరబెట్టి వేయి.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. స్వాతి కార్తె వచ్చేసరికి రంగు కూడా అయిపోవాలి. అలాగని రోహిణి ఎండల్లో మొదలుపెట్టకు, ఆ వేడికి కొత్త కోతలు నోళ్లు తెరుస్తాయి. మామూలు ఇనుప స్క్రూలు వాడకు, ఉప్పుగాలికి తుప్పు పట్టి చెక్క మీద చారలు కారుతాయి. తుప్పు పట్టని స్టీలువి కొను, డబ్బులు చూసుకోకు. స్క్రూ ఎక్కించే ముందు సన్నటి బరమాతో రంధ్రం వేసుకో. బద్దల అడుగు నేలకు రెండంగుళాలు ఎత్తులో ఉండాలి. లేకపోతే చెదలకు మెట్లు కట్టించినట్టే.

మొదటి పలకకు గీత గీశాక, కోయకముందు రోడ్డు అవతల నిలబడి ఫోటో తీసి పంపు. మీ అత్తయ్య ఫోనులో పెద్దగా చేసి చూపిస్తుంది. నా జవాబు వచ్చేదాకా మెషిన్ ప్లగ్గు పెట్టకు. గొలుసు కొనకు, మా ఇంట్లో పాత ఉయ్యాల గొలుసుంది, బస్సులో ఎవరైనా వస్తే పంపిస్తాను.

మీ మామయ్య