దౌత్యశాస్త్రం ఇంటి నుంచి చదవవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. తెలుగు మాధ్యమంలో బీకాం చదివి, ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారు చాలాకాలం గల్ఫ్‌లో పనిచేసినందువల్ల రాయబార కార్యాలయాల పనితీరు గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి చిన్నప్పటి నుంచీ ఉంది. ఉద్యోగం మానకుండా దౌత్యశాస్త్రాన్ని ఆన్‌లైన్‌లో చదవవచ్చా? ఐఎఫ్ఎస్ (భారత విదేశాంగ సర్వీసు)కు అది ఉపయోగపడుతుందా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఐఎఫ్ఎస్‌లోకి నేరుగా ప్రవేశం యూపీఎస్సీ నిర్వహించే సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారానే. దానికి మీ బీకాం సరిపోతుంది. మెయిన్స్ జవాబులు తెలుగులోనూ రాయవచ్చు. ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కు అక్కడ అదనపు మార్కులేమీ ఉండవు.

అయినా ఈ చదువు చదవదగ్గదే. దౌత్యంలో సగం పని రాతలోనే జరుగుతుంది కనుక, రాతను పదం పదం పట్టి చూసే అలవాటును దూరవిద్య కూడా బాగానే నేర్పగలదు. మాల్టా, స్విట్జర్లాండ్ ప్రభుత్వాలు స్థాపించిన డిప్లో ఫౌండేషన్ కోర్సుల్లో విద్యార్థులు పాఠంలోని ఒక్కో వాక్యం పక్కన తమ వ్యాఖ్య రాస్తారు. దానికి అధ్యాపకులు, వేరే దేశాల సహపాఠీలు అక్కడే బదులిస్తారు. ఉపన్యాసాల వీడియోలు వింటూ పోవడం కంటే ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం.

మీ ఆసక్తికి దగ్గరి ఉదాహరణ చెబుతాను. కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే ఆ సంగతిని అతని దేశపు కాన్సులేటుకు (అక్కడ తమ పౌరుల బాగోగులు చూసే కార్యాలయానికి) ‘జాప్యం లేకుండా’ తెలపాలి. ఈ మాటను ‘తక్షణమే’ అని అనువదిస్తే అర్థం మారిపోతుంది. అరెస్టయిన మరుక్షణమే అని దానికి అర్థం చెప్పనక్కర లేదని, మెక్సికో అమెరికాపై వేసిన అవేనా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో పేర్కొంది. అయితే గూఢచర్యం ఆరోపణపై పట్టుబడ్డ భారతీయుడు కులభూషణ్ జాదవ్ అరెస్టును పాకిస్తాన్ మూడు వారాల తర్వాత గానీ భారత్‌కు తెలపకపోవడం ఆ నిబంధనను ఉల్లంఘించడమేనని అదే న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. గల్ఫ్ జైల్లో ఉన్న మన ఊరి మనిషిని కాన్సులేటు అధికారి ఎన్నాళ్లకు కలుస్తాడన్నది కొంతవరకు ఈ రెండు మాటల మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంగ్లిషు మీకు మొదట్లో కష్టమనిపించవచ్చు. అందుకే డబ్బు కట్టే ముందు ఆ అధికరణాన్ని మీరే తెలుగులోకి రాసి చూడండి. ఐక్యరాజ్యసమితి ఆడియోవిజువల్ లైబ్రరీలో అంతర్జాతీయ న్యాయ ఉపన్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒకటి రెండు వినండి. అప్పటికీ ఆసక్తి తగ్గకపోతే కోర్సులో చేరండి. చేరే ముందు మాత్రం నిర్వాహకులను ఒక వారం పాఠం చూపించమని కోరండి, మీ వ్యాసాలను అధ్యాపకులు స్వయంగా దిద్దుతారో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.